మార్కులు వేస్తే ముగ్గులకు చివరి స్థానం వచ్చింది

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. ఒంగోలు దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. వచ్చే మే నెలాఖరుకు పదవీ విరమణ. నాకు నాలుగు వ్యాపకాలు ఉన్నాయి: మేడ మీద మిద్దె తోట, పత్రికల్లో గళ్ళనుడికట్టు పూరించడం, ఇంటర్ చదివే రోజుల నుంచి నోటుపుస్తకాల్లో గీసుకుంటున్న ముగ్గులు, పెళ్ళికి ముందు వర్ణాల దాకా నేర్చుకొని ఆపేసిన వీణ. విరమణ తరువాత దేనికి మొదటి స్థానం ఇవ్వాలన్న చర్చ సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో మొదలైంది. మా అబ్బాయి కంప్యూటరులో పట్టిక వేసి ఆరోగ్యం, ఖర్చు, ఆదాయం, పరిచయాలు అన్న నాలుగు శీర్షికల కింద పదేసి మార్కులు పెట్టాడు. తోటకు 27, వీణకు 21, గళ్ళనుడికట్టుకు 18, ముగ్గులకు 17 వచ్చాయి. "ముగ్గు హాబీ ఏమిటమ్మా, ఇంటి పనేగా" అని కూడా అన్నాడు. వీడియోలు తీసి ఛానెల్ పెడితే ముగ్గులకూ మార్కులు పెరుగుతాయంటాడు. తపాలా బిళ్ళలు సేకరించే మావారు ఆ లెక్క ఒప్పుకోరు. వీణ, ముగ్గులు, తోట అన్నది ఆయన చెప్పే వరుస. అబ్బాయిది తోట, వీణ, ముగ్గులు. కోడలిది ముగ్గులు, తోట, వీణ. గళ్ళనుడికట్టును పక్కన పెట్టి, మిగిలినవాటిని రెండేసి చొప్పున ఓటుకు పెడితే రోజుకో ఫలితం వస్తోంది. ఇంతలో మా ఉపాధ్యాయ సంఘం వారు విరమణ పొందేవారి పరిచయాలతో ప్రత్యేక సంచిక వేస్తూ, 'అభిరుచి' అన్న చోట ఒక్క పేరే రాసి ఈ నెలాఖరులోగా పంపమన్నారు. ఏమని రాయమంటారు?

— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చేతిరాతతో నాలుగు పుటల ఉత్తరం పంపారు. స్థలం చాలక ఇక్కడ దాన్ని కుదించి ప్రచురించాం గాని, నా సమాధానం మాత్రం ఆ నాలుగు పుటలూ దగ్గర పెట్టుకొని రాస్తున్నదే. కుదింపులో పోయిన ఒకటి రెండు సంగతులు అవసరమైన చోట నేనే ప్రస్తావిస్తాను.

ముందుగా మీ అబ్బాయి వేసిన పట్టిక సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని నొప్పించింది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. మీరు పంపిన నకలు ప్రకారం ఆరోగ్యం, ఖర్చు, ఆదాయం, పరిచయాలు అన్న వరుసలో తోటకు 9, 5, 6, 7. వీణకు 6, 4, 5, 6. గళ్ళనుడికట్టుకు 6, 9, 1, 2. ముగ్గులకు 5, 9, 0, 3 మార్కులు పడ్డాయి. కూడికలో తప్పేమీ లేదు. అయితే విరమణ తరువాత నెలనెలా పింఛను అందుకోబోయే మనిషికి, ఇష్టం కొద్దీ చేసుకొనే పనిలో ఆదాయం ఎంత అన్న గడి ఎందుకు అనిపించి, నేను దాన్ని తీసేసి మళ్ళీ కూడి చూశాను. తోట 21తో మొదటి స్థానంలోనే నిలిచింది. గళ్ళనుడికట్టుకు 17, ముగ్గులకు 17 వచ్చి రెండూ కలిసి రెండో స్థానానికి ఎగబాకాయి. రెండో స్థానంలో ఉన్న వీణ 16తో అట్టడుగుకు జారిపోయింది. వీణ మారలేదు, మీరూ మారలేదు, మార్కులు వేసిన చెయ్యీ మారలేదు. ఒక్క శీర్షిక పోయేసరికి వరుస తలకిందులైంది. ఇక 'చేస్తున్నంతసేపు కలిగే సంతోషం' అన్న శీర్షిక ఒకటి కలిపి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం, ఎందుకంటే ఆ గడిలో మార్కులు వేయగలిగినవారు మీరొక్కరే, పట్టిక వేసినప్పుడు మాత్రం మిమ్మల్ని ఎవరూ అడిగినట్టు లేదు.

పట్టికలన్నీ ఇలాంటివేనని అనడం లేదు. మోటారు సైకిలు కొనేటప్పుడు మైలేజీ ఎంత, ధర ఎంత, మరమ్మతుకు దగ్గరలో ఎవరైనా ఉన్నారా అని గడులు గీసి చూసుకోవడం తెలివైన పనే, ఎందుకంటే బండి దేనికి కావాలో కొనేవాడికి ముందే తెలుసు. వ్యాపకం విషయంలో తేలవలసిందే అది. 'ఏది మొదటిది' అన్న మాటలో కనీసం నాలుగు వేరువేరు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి: ఏది ఎక్కువ ఇష్టం, దేనికి ఎక్కువ సమయం ఇస్తున్నాను, ఏది నాకు మేలు, నలుగురిలో ఏది చెప్పుకుంటే బాగుంటుంది. పెళ్ళి సంబంధాలకు పంపే పరిచయ పత్రాల్లో అభిరుచి అన్న చోట 'పుస్తకాలు చదవడం, సంగీతం వినడం' అనే ఎక్కువగా కనిపిస్తాయి. అవి నాలుగో ప్రశ్నకు సమాధానాలు. వారిలో ఎంతమంది ఏడాదికి ఒక్క పుస్తకమైనా పూర్తి చేస్తారన్నది రెండో ప్రశ్న, దాన్ని పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగరు. మీ అబ్బాయి మూడో ప్రశ్నకు సమాధానం రాసి, దాన్ని మొదటి ప్రశ్న కింద అతికించాడు. మేలు కోరి చేసిన పనే కాబట్టి అతనిని తప్పుపట్టవద్దు, వచ్చిన వరుసను మాత్రం పట్టించుకోకండి.

ఓటు సంగతికి వస్తే, మీ ఇంట్లో రోజుకో ఫలితం రావడానికి ఎవరి చపలత్వమూ కారణం కాదు. మీరు రాసిన మూడు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. తోటా, వీణా అంటే అబ్బాయి, కోడలు ఇద్దరూ తోట వైపే. వీణా, ముగ్గులా అంటే అబ్బాయి, మీవారు వీణ వైపు. ముగ్గులా, తోటా అంటే మీవారు, కోడలు ముగ్గుల వైపు. అంటే వీణ మీద తోట గెలుస్తుంది, ముగ్గుల మీద వీణ గెలుస్తుంది, తోట మీద ముగ్గులు గెలుస్తాయి. గానుగెద్దులా ఎంత తిరిగినా మొదలుపెట్టిన చోటికే వస్తారు. ముందు ఏ రెండింటికి ఓటు పెట్టినా, వాటిలో గెలిచినదాన్ని చివరికి బయట మిగిలినది ఓడించి తీరుతుంది. ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు కోందొర్సే 1785లోనే ఈ చిక్కును గుర్తించి గ్రంథస్థం చేశాడు. ముగ్గురిలో ప్రతి ఒక్కరి వరుసా విడివిడిగా సక్రమంగానే ఉన్నా, అందరినీ కలిపి తీసిన వరుస ఇలా గుండ్రంగా తిరిగే అవకాశం ఉంటుందన్నది ఆయన చూపిన సంగతి. తరువాత అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1951లో మరో అడుగు ముందుకు వేసి, ఎంపికలు మూడు గాని అంతకంటే ఎక్కువ గాని ఉన్నప్పుడు, న్యాయమని మనకు తోచే కొద్దిపాటి నియమాలన్నింటినీ ఎప్పుడూ తప్పకుండా పాటిస్తూ పలువురి వరుసలను ఒకే వరుసగా కుదర్చగల పద్ధతి ఏదీ ఉండదని నిరూపించాడు. ఆయనకు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి పండుగ సెలవుల్లో మీవాళ్ళు తేల్చలేకపోయారని నొచ్చుకోవలసిన పని లేదు.

అయితే ఆ ఓట్ల లెక్కలో నన్ను ఆశ్చర్యపరిచినది వేరే ఉంది. మీ నాలుగు పుటల్లో మూడు ఓట్లు కనిపించాయి. నాలుగో ఓటు ఎక్కడా లేదు. మీ వరుస ఏమిటో మీరు ఒక్కసారైనా రాయలేదు.

'ముగ్గు ఇంటి పనేగా' అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే వ్యాపకాలకు ఎక్కువ తక్కువలు కట్టడంలో లోకం చేసే అసలు పొరపాటు ఆ మాటలోనే ఉంది. హాబీ అన్న ఇంగ్లీషు మాటకు మూలం పిల్లలు కాళ్ళ మధ్య పెట్టుకొని పరుగెత్తే కొయ్యగుర్రం. ఆ గుర్రం ఎక్కడికీ తీసుకుపోదని తెలిసే ఎక్కుతారు. మన భాషలో కాలక్షేపం, వ్యాపకం, సరదా, అభిరుచి, చివరికి వ్యసనం దాకా ఇన్ని మాటలు ఉన్నాయి, వాటి మధ్య గౌరవంలో తేడా కూడా ఉంది. మీవారు తపాలా బిళ్ళలు సేకరిస్తే అది అభిరుచి. దాన్ని హాబీలకు రాజు అని పిలవడం కూడా వాడుకలో ఉంది, బ్రిటన్ రాజు ఐదో జార్జి స్వయంగా గొప్ప సేకర్త. బిళ్ళకు వెల ఉంది, ఆల్బం ఉంది, చరిత్ర ఉంది. స్వతంత్ర భారతం తన మొదటి బిళ్ళను 1947 నవంబరు 21న జాతీయ పతాకంతో, 'జైహింద్' అన్న అక్షరాలతో, మూడున్నర అణాల వెలకు విడుదల చేసిందని మీవారు ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెబుతారని మీరే రాశారు. పోగుచేసినది నిలుస్తుంది, ఒక కుటుంబం మూడు తరాల పాటు పోగుచేసిన వస్తువులు 1951 నాటికి హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంగా జనానికి తెరుచుకున్నాయి. ముగ్గు అలా కాదు. తెల్లవారుజామున పడుతుంది, పాలవాడి సైకిలు చక్రానికి సగం పోతుంది, మరునాడు కళ్ళాపితో మిగిలిన సగమూ పోతుంది. వెల లేదు, ఆల్బం లేదు. దానికి తోడు అది ఆడవారి దినచర్యలో కలిసి ఉంది కాబట్టి పని అయిపోయింది.

వాకిట్లో రోజూ పెట్టే నాలుగు గీతల ముగ్గు పనే, దాన్ని నేను కాదనను. వర్షం పడినా, ఒంట్లో బాగోకపోయినా, ఎవరో ఒకరు పెట్టాలి. కాని రాత్రి పది దాటాక, ఇల్లంతా పడుకున్నాక, రూళ్ళు లేని నోటుపుస్తకం ముందు పెట్టుకొని మెలికల ముగ్గు గీత చుక్కను తాకకుండా అన్నింటి చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే ఎలా వచ్చి చేరుతుందా అని మూడు రాత్రులు కుస్తీ పట్టడం ఏ ఇంటి పనిలో భాగం? చెయ్యి అదే, చుక్కలూ అవే; ఎవరూ అడగనిది, చేయకపోతే ఎవరూ నిలదీయనిది, అయినా మీరు చేసినది అన్నదే తేడా. వంటలోనూ ఇంతే. పొద్దున్నే క్యారేజీలోకి వండే పప్పు పని, ఆదివారం మధ్యాహ్నం ఎవరూ కోరకుండానే అమ్మమ్మ చేతి రుచిని గుర్తు తెచ్చుకుంటూ పట్టుబట్టి చేసే కజ్జికాయ సరదా.

మన పూర్వులు ఈ విషయంలో మనకంటే ఉదారంగా ఉన్నట్టున్నారు. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల జాబితాలో గీతం, వాద్యం, నృత్యం, చిత్రలేఖనం, నుదుటి తిలకానికి ఆకులను రకరకాలుగా కత్తిరించడం అన్న అయిదింటి తరువాత ఆరోదిగా బియ్యంతోనూ పూలతోనూ తీర్చే రచనలు వస్తాయి. మన ముగ్గుకు అవి దగ్గరి చుట్టాలు. పొడుపుకథలు, దండలు గుచ్చడం, చెట్ల పెంపకం, చిలుకలకూ గోరువంకలకూ మాటలు నేర్పడం, పొట్టేళ్ళ పందాలూ కోడిపందాలూ కూడా అదే జాబితాలో ఉన్నాయి. మీ నాలుగు వ్యాపకాలకూ అందులో చోటు ఉందని గమనించే ఉంటారు. జాబితా అన్నాక ఏదో ఒకటి ముందు రాయాలి కాబట్టి గీతం ముందు వచ్చింది, అంతేగాని గీతానికి ఇన్ని మార్కులు, గోరువంకకు ఇన్ని మార్కులు అని ఎవరూ వేయలేదు.

ముగ్గులకు లెక్కల వైపు నుంచి కూడా గౌరవం దక్కింది. 1970లలో మద్రాసు క్రైస్తవ కళాశాల కేంద్రంగా గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృత్తివాసన్ ముగ్గుల ఆకృతులను వ్యాకరణ సూత్రాల వంటి నియమాలతో వర్ణించే పద్ధతిని రూపొందించారు. 1974లో వెలువడిన వారి పత్రం కంప్యూటరు శాస్త్రంలో ఒక శాఖకు తొలి మెట్లలో ఒకటిగా నిలిచింది. మీరు ఇష్టపడే '15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు' అన్న పద్ధతినే తీసుకోండి. నడుమ వరుసలో 15, దానికి అటూ ఇటూ 14, 13 అంటూ 8 దాకా తగ్గుతూ పోతే మొత్తం 169 చుక్కలు అవుతాయి, అది సరిగ్గా 13ను 13తో గుణించిన సంఖ్య. ఈ సంగతులు మీ అబ్బాయికి చెప్పి ముగ్గులకు ఇంకో రెండు మార్కులు వేయించుకోమని మాత్రం నేను చెప్పను. చెబితే మళ్ళీ ఆ పట్టికకే విలువ ఇచ్చినట్టు అవుతుంది. ఏ కళాశాలా ముగ్గు వైపు చూడకపోయినా అది మీకు మొదటిదే కావచ్చు.

ఛానెల్ విషయంలో నా అభిప్రాయం తొందరపడవద్దనే. 1973లో ముగ్గురు మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని పిల్లల బడిలో చేసిన ఒక ప్రయోగం ఈ సందర్భానికి బాగా అతుకుతుంది. రంగు పెన్నులతో బొమ్మలు గీయడమంటే సహజంగానే ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలను ఎంచుకొని, కొందరికి గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత బడిలో మామూలుగా ఆడుకొనే సమయంలో గమనిస్తే, బహుమతి ఆశ చూపి గీయించిన పిల్లలు మిగిలినవారితో పోలిస్తే సుమారు సగం సమయమే ఆ పెన్నులతో గడిపారు. చెప్పకుండా బహుమతి ఇచ్చినవారికి ఇష్టమేమీ తగ్గలేదు. ధనుర్మాసంలో మీ వీధి పిల్లలను చేరదీసి ముగ్గులు నేర్పండి, ఎవరైనా మెచ్చి ఏదైనా చేతిలో పెడితే పుచ్చుకోండి. ఎంతమంది చూశారన్న లెక్క చూసుకొని మరునాటి ముగ్గును ఎంచుకొనే స్థితి మాత్రం తెచ్చుకోకండి. నలభై ఏళ్ళు హాజరుపట్టీలతో వేగినవారికి ఇంట్లో మరో హాజరుపట్టీ ఎందుకు?

ఇక మీరు రాయని నాలుగో ఓటు సంగతి. మీరు రాయలేదన్నాను గాని, మీ ఉత్తరం రాసింది. మిద్దె తోట గురించి మీరు ఎనిమిది వాక్యాలు రాశారు, వాటిలో అయిదు మట్టి బరువుకు స్లాబు ఏమవుతుందోనన్న మీవారి భయం గురించి. గళ్ళనుడికట్టు గురించి రెండే వాక్యాలు ఉన్నాయి. రెండో పుట సగం నుంచి మూడో పుట చివరి దాకా ముగ్గులే: 1980లో కొన్న మొదటి నోటుపుస్తకం, మొత్తం పదకొండు పుస్తకాలు అయ్యాయన్న లెక్క, బదిలీ మీద వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ కనుమ నాటి రథం ముగ్గు ఎలా వేస్తారో వీధులు తిరిగి చూసి గీసుకున్న వైనం. అక్కడ మీ అక్షరాలు కూడా చిన్నవయ్యాయి, పుట చాలదేమోనన్న తొందరలో. అరిచి చెప్పినా ఇంతకంటే స్పష్టంగా చెప్పలేరు. ఇష్టం మాటకొస్తే మీకు ముగ్గులే మొదటివి, ఇందులో నాకు సందేహం లేదు.

నాలుగో పుటలో వీణ గురించి ఒక వాక్యం రాసి, గట్టిగా కొట్టేశారు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చదివే ప్రయత్నం నేను చేయలేదు, ఆ వాక్యం మీది. అయితే కొట్టివేతను బట్టి ఒక మాట చెప్పే చొరవ తీసుకుంటాను. ముగ్గులు మీకు ఇష్టం. వీణ మీకు బాకీ. రోజూ చేస్తూ సంతోషించేది వేరు, చేసి ఉండవలసిందని లోలోపల గుచ్చుకొనేది వేరు. రెండింటినీ ఒకే వరుసలో నిలబెట్టి ఏది ముందు అని అడిగితే రెండో రకమే గట్టిగా మాట్లాడుతుంది, గుచ్చుకొనేదానికి గొంతు ఎక్కువ. మీవారు వీణకు మొదటి స్థానం ఇవ్వడంలో కూడా ఆ బాకీలో తనకూ వాటా ఉందన్న స్పృహ ఉండవచ్చు. ఉంటే మంచిదే.

కాబట్టి వీణను వరుసలో నుంచి తీసి, విడిగా ఒక పరీక్ష పెట్టండి. ఇన్నేళ్ళు మూలన ఉన్న వాద్యంలో మెట్లను నిలబెట్టే మైనం ఎండి బీటలు వారి ఉంటుంది, 24 మెట్లలో కొన్నయినా శ్రుతి తప్పి పలుకుతాయి. ముందుగా చేతనైనవారిని పిలిచి కొత్త మైనంతో మెట్లు సరిగా నిలబెట్టించి, తంత్రులు ఏడూ మార్పించండి. బాగుచేయని వీణ మీద సాధన మొదలుపెట్టి, చెవికి ఇంపుగా లేకపోవడం తన చేతి లోపమే అనుకొని రెండు వారాల్లో మానేసినవారిని నేను ఎరుగుదును. తరువాత వర్ణం దగ్గర ఆపాను కాబట్టి వర్ణం దగ్గరే మొదలుపెడతాను అనుకోకుండా, మొదటి పాఠాలైన మాయామాళవగౌళ రాగపు సరళీ స్వరాల నుంచి రండి. ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదటి వారాల్లో కోసుకుపోయి మండుతాయి. అది అందరికీ ఉన్నదే. మూడు నెలలు గడువు పెట్టుకోండి. మూడు నెలల తరువాత పొద్దున్నే చెయ్యి తనంతట తాను వీణ వైపు పోతుంటే కొనసాగించండి. పోకపోతే, ప్రయత్నించి చూశానన్న తృప్తితో దాన్ని నేర్చుకొనే పిల్ల ఎవరికైనా ఇచ్చేయండి.

తోట విషయంలో మీవారి భయాన్ని మీ అబ్బాయి కొట్టిపారేసినట్టున్నాడు గాని, ఆ భయం న్యాయమైనదే. ఘనమీటరు తడిమట్టి ఒకటిన్నర టన్నుకు పైనే తూగుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న ఒక్క మడి కట్టినా స్లాబు మీద నాలుగున్నర క్వింటాళ్ళ బరువు పెట్టినట్టే. మట్టిలో కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు ఎక్కువ పాళ్ళు కలిపి బరువు తగ్గించి, కుండీలను నడుమ కాకుండా గోడల మీదుగా, దూలాల మీదుగా వచ్చేటట్టు అంచుల వెంబడి పెట్టి, కింద నీరు నిలవకుండా ఇనుప స్టాండ్లు వాడితే మీవారి వరుసలో తోట ఒక మెట్టు పైకి వచ్చినా రావచ్చు. మోకాళ్ళు సహకరించినంత వరకే మెట్లు ఎక్కేలా చూసుకోండి. గళ్ళనుడికట్టుకు నా సలహా అక్కరలేదు, అది బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు కూడా సాగిపోయే వ్యాపకం.

మీరు అడగని ఒక సంగతిని మాత్రం చెప్పి తీరాలి. వరుస ఎంత చక్కగా కుదిరినా దానికి ఇవ్వడానికి గంటలు ఉండాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జరిపిన కాలవినియోగ సర్వేలో, ఆరేళ్ళు దాటిన ఆడవారిలో 81.2 శాతం, మగవారిలో 26.1 శాతం జీతం లేని ఇంటిపని చేస్తున్నట్టు తేలింది. చేసేవారిలో కూడా ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు అదే సర్వే చెప్పింది. ఉద్యోగం ఉన్నంతకాలం మిమ్మల్ని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా బడి కాపాడింది. జూన్ నుంచి ఆ కాపలా ఉండదు. ఇంట్లోనే ఉంటారు కదా అని గ్యాసు సిలిండరు తీసుకోవడం మొదలు చుట్టాలను బస్టాండుకు పంపడం దాకా ఒక్కొక్కటే మీ మీదకు జారుతాయి, ఎవరూ కావాలని చేయరు. మీ అబ్బాయికి పట్టికలు వేయడం ఇష్టం కాబట్టి ఆ పనే అప్పగించండి: ఇంట్లో ఏ పని ఎవరు ఎన్ని నిమిషాలు చేస్తున్నారో వారం రోజులు రాయమనండి. అది చేతికి వచ్చాక, రోజుకు రెండు గంటలు, ఫలానా వేళ నుంచి ఫలానా వేళ వరకు మీవని నలుగురూ కలిసి ఒప్పుకోండి. ఈ ఒప్పందం మే నెలకు ముందే జరగాలి, తరువాత అలవాట్లు గట్టిపడిపోతాయి.

సంచికలో ఒక్క పేరే రాయమన్నారు కాబట్టి 'ముగ్గులు' అని రాయండి. బరువుగా ఉంటుందని 'రంగవల్లీ చిత్రలేఖనం' అని మార్చకండి, నలభై అయిదేళ్ళుగా మీరు దాన్ని ముగ్గనే పిలుస్తున్నారు. పక్కన కాస్త చోటు ఇస్తారేమో సంపాదకులను అడిగి, మీ పుస్తకాల్లోంచి ఆ 169 చుక్కల ముగ్గు ఒకటి ఎంచుకొని జతచేయండి. పాత పుస్తకంలోది పెన్సిలు గీత అన్నారు, అది అచ్చులో సరిగా రాదు; తెల్ల కాగితం మీద నల్ల సిరాతో కొత్తగా గీసి పంపండి.